పాత లగ్జరీ కార్ల మీద జోకులు కాదు, కొనేవాళ్ళకు సమాచారం కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరితే జర్మన్, బ్రిటిష్ బళ్ళ మీద జోకులు మొదలవుతాయి. లాండ్ రోవర్ కింద ఆయిల్ మరక లేదంటే లోపల ఆయిల్ అయిపోయినట్టేనంటారు. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదంటే బల్బు మాడిపోయి ఉంటుందంటారు. చవగ్గా దొరికిన జర్మన్ కారంత ఖరీదైన కారు ఇంకోటి లేదంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ ఆ జోకు వేసేవాడికి ఏ ఇంజిన్‌లో ఏ భాగం పోతుందో, ఎందుకు పోతుందో, అది మార్చాలంటే ఏమేం విప్పాలో తెలుసు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త చిన్న కారు ధరకి పదేళ్ళు దాటిన బీఎండబ్ల్యూ 320డి కొని ఇంటికి తెచ్చుకున్న కుటుంబానికి అదేమీ తెలియదు. అమ్మినవాడు చెప్పడు, తయారు చేసిన కంపెనీ చెప్పదు. ఈ ఉత్తరం ఆ కుటుంబం కోసం.

ముందుగా ఆ 320డి సంగతే తీసుకుందాం. 2007 నుంచి వచ్చిన ఎన్47 అనే రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్ 320డి, 520డి, ఎక్స్1, ఎక్స్3 బళ్ళలో పెట్టారు. లాగుడు బాగుంటుంది, మైలేజీ బాగుంటుంది, ఇంజిన్‌గా దానికి వంక పెట్టడం కష్టం. చిక్కంతా టైమింగ్ చైన్ (పిస్టన్లతో తిరిగే క్రాంక్‌కూ, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లకూ లంకె వేసే గొలుసు) పెట్టిన చోటులో ఉంది. చాలా ఇంజిన్లలో చైన్ ముందువైపు ఉంటుంది. ఇందులో వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన పెట్టారు. ఇంజిన్ వెనకనున్న బరువైన చక్రం (ఫ్లైవీల్) వైపు క్రాంక్ మెలితిరిగే కంపనం తక్కువ కాబట్టి ఇంజనీరు లెక్కలో అది మంచి చోటే. కింది చైన్ క్రాంక్ నుంచి హై ప్రెషర్ డీజిల్ పంపుకి, పై చైన్ ఆ పంపు నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు వెళుతుంది. వాటిని పట్టి ఉంచే గైడ్లు ప్లాస్టిక్‌వి. చైన్ సాగి, గైడు అరిగితే చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య, బానెట్ వెనక గోడ వైపు నుంచి ఇనుము రాసుకుంటున్న గరగర శబ్దం వస్తుంది. డీజిల్ బండి కదా, శబ్దం మామూలేననుకుని నడిపితే ఒకరోజు చైన్ తెగుతుంది. వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అక్కడితో అది రిపేరు పరిధి దాటి ఇంజిన్ మార్చే పరిధిలోకి పోతుంది.

శబ్దం దశలోనే పట్టుకున్నా గేర్‌బాక్స్ దించాలి, కొన్నిచోట్ల ఇంజిన్ మొత్తం దించి పని చేస్తారు. చైన్ల ధర కన్నా కూలీ ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఒకసారి దించినప్పుడు రెండు చైన్లూ, ఆయిల్ పంపు చైనూ, గైడ్లన్నీ, చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనరూ, వెనక క్రాంక్ ఆయిల్ సీలూ కలిపి మార్చాలి. సాగదీసి బిగించే బోల్టులు మళ్ళీ వాడకూడదు, కొత్తవే వేయాలి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌లో ఊగుడు ఉందేమో అప్పుడే చూడాలి. ఒక్క చైన్ వేసి మూసేసే షెడ్డుకి బండి ఇవ్వకండి. రెండోసారి దించే కూలీ కూడా మీ జేబులోంచే పోతుంది. ఈ ఇంజిన్‌కి ఆయిల్ సుమారు 5 లీటర్లు పడుతుంది. డ్యాష్‌బోర్డు 25,000 కిలోమీటర్లకు మార్చమన్నా వినకండి. 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు, కంపెనీ చెప్పిన లాంగ్‌లైఫ్-04 గ్రేడు ఆయిలే వేయండి. మురికి ఆయిల్‌లో చైన్ లింకులు త్వరగా అరుగుతాయి.

పెట్రోలు బళ్ళది ఇంకో రకం జబ్బు. 2012 నుంచి 2015 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్20 ఇంజిన్‌లో చైన్ గైడు ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలై ఆయిల్ చాంబర్‌లో పడుతుంది. ఆ ముక్కలు ఆయిల్ లాగే జల్లెడకు అడ్డం పడితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. అమెరికాలో ఈ విషయం చాలామంది తరఫున కలిపి వేసే క్లాస్ యాక్షన్ దావా దాకా వెళ్ళి, అక్కడి యజమానులకు వారంటీ పొడిగించారు. ఆడీ, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌ల ఈఏ888 రెండో తరం 1.8, 2.0 టర్బో పెట్రోలు ఇంజిన్లలో పిస్టన్ మీద ఆయిల్ తుడిచే రింగుల రంధ్రాలు మరీ చిన్నవి. కార్బన్‌తో అవి పూడుకుపోతే ఆయిల్ మండిపోతుంది. అందుకే పాత స్కోడా లారా, పాత ఆడీ ఏ4 ఉన్నవాళ్ళు డిక్కీలో ఎప్పుడూ ఓ లీటరు ఆయిల్ డబ్బా పెట్టుకుంటారు. అదే ఇంజిన్ చైన్ టెన్షనర్ కూడా పాత డిజైన్‌దైతే పట్టు తప్పుతుంది. దాన్ని చూడటానికి టైమింగ్ కవర్ మీద రబ్బరు మూత ఉన్న చిన్న రంధ్రం ఉంది. మూత తీసి టార్చి వేసి, టెన్షనర్ పిస్టన్ గీతలు ఎన్ని బయటికొచ్చాయో లెక్కిస్తే చైన్ ఎంత సాగిందో తెలుస్తుంది. ఈ చిన్న పరీక్షకు ఇంజిన్ విప్పక్కర్లేదు. బండి కొనేముందు ఇది అడిగి చేయించుకునేవాళ్ళు ఎంతమంది?

అన్నిటికన్నా బాధ పెట్టేది చవక భాగం వల్ల ఖరీదైన ఇంజిన్ పోవడం. బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్ల మీద ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కి రబ్బరు ప్యాకింగ్ ఒకటి ఉంటుంది. వేడికి అది రాయిలా గట్టిపడుతుంది. ఆయిల్ చెమ్మ దిగి కిందనున్న బెల్టు మీద పడుతుంది. ఆయిల్ తాగిన బెల్టు జారి, చీలి, ఆ పీలికలు క్రాంక్ ముందు సీలుని తోసుకుని ఇంజిన్ లోపలికి పోతాయి. రబ్బరు ప్యాకింగ్ ఒక్కటి సకాలంలో మార్చకపోవడం వల్ల ఆయిల్ చాంబర్ విప్పే దాకా పోతుంది వ్యవహారం. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అని మన దగ్గర ఊరికే అనలేదు. హౌసింగ్ కింద తడి కనిపించిన రోజే ప్యాకింగ్ మార్పించండి, బెల్టు కూడా ఆ రోజే మార్పించండి.

ఈ ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూ ఇంజిన్లలో చాలావాటికి నీళ్ళ పంపు బెల్టుతో తిరగదు, కరెంటు మోటారుతో తిరుగుతుంది. పాత పంపు పోయేముందు కారుతుంది, కీచుమంటుంది. కరెంటు పంపు చాలాసార్లు అలా ముందస్తుగా చెప్పదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మే నెలలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఆగితే వేడి ఎక్కి, ఇంజిన్ పై భాగం (హెడ్) వంగేదాకా ఎంతోసేపు పట్టదు. ఎరుపు గుర్తు వచ్చిన క్షణమే పక్కకు తీసి ఆపేయాలి, ఇంటిదాకా వెళదామనుకోకూడదు. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో పంపునూ థర్మోస్టాట్‌నూ జతగా మార్చడం మేలు. మార్చాక కూలెంట్ గొట్టాల్లో చేరిన గాలి తీయడంలోనే చాలామంది మెకానిక్‌లు పొరబడతారు. పాత బళ్ళలాగా ఇంజిన్ ఆన్‌లో పెట్టి నీళ్ళు పోస్తే గాలి పోదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడికి, ఫ్యాన్ అతి తక్కువకు పెట్టి, యాక్సిలరేటర్‌ని 10 సెకన్ల పాటు కింది దాకా తొక్కి పట్టాలి. పంపు తనంతట తాను సుమారు 12 నిమిషాలు తిరిగి గాలి బయటికి నెడుతుంది. అంతసేపు బ్యాటరీ దిగకుండా చార్జరు తగిలించి ఉంచాలి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని రేడియేటర్ సన్న గొట్టాలు పూడిపోతాయి.

గేర్‌బాక్స్‌ల గురించి చెప్పకపోతే ఈ విషయం సగమే అవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో తనంతట తాను గేర్లు మార్చే పెట్టె), డీక్యూ200 అనే రకం, మన రోడ్ల మీద పోలో జీటీ నుంచి ఆక్టేవియా దాకా చాలా బళ్ళలో ఉంది. 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) దాకా తట్టుకునేలా తయారైన పెట్టె అది. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లకు, రెండోది 2, 4, 6, రివర్స్‌కి. రెండిటినీ నడిపేది మెకట్రానిక్ అనే యూనిట్. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు కాబట్టి వేడి తొందరగా ఎక్కుతుంది. గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ వేడి, తేమ వాతావరణంలో మెకట్రానిక్ సర్క్యూట్లను దెబ్బతీస్తోందని తేలాక 2013లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బళ్ళను వెనక్కి పిలిచి, దాని బదులు మినరల్ ఆయిల్ వేసింది. అదే ఏడాది మార్చిలో చైనాలో 3,84,181 బళ్ళు వెనక్కి పిలిచారు. మెకట్రానిక్ పెట్టెలో ప్రెషర్ నిలిపే అక్యుములేటర్ దగ్గర లోహం చీలడం ఇంకో తెలిసిన లోపం. అప్పుడు స్కానర్‌లో పీ17బీఎఫ్ అనే లోపం కోడ్ వస్తుంది, బండి కదలదు. నడిపేవాళ్ళు చేతనైనంత చేయగలిగింది ఇదీ: అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం పాకించవద్దు. అలా పాకినంతసేపూ మొదటి క్లచ్ జారుతూ కాలుతుంది. ముందున్న బండితో కాస్త ఖాళీ రానిచ్చి, ఒకేసారి కదిలి, మళ్ళీ గట్టిగా బ్రేకు తొక్కి ఆగాలి. బ్రేకు గట్టిగా తొక్కితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం మానాలి.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిచే) బళ్ళకు ఒక్క మాట. రాత్రి నిలబెట్టి పొద్దున చూస్తే ఒక మూల వాలి ఉంటే ఆ చక్రం దగ్గరి గాలి సంచి లీకయ్యే అవకాశం ఎక్కువ. సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వస్తాయి. అది వదిలేసి నడిపితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి అదీ కాలిపోతుంది. ముందు లీకు మూయాలి, తరువాతే కంప్రెసర్. చాలాచోట్ల దీన్ని తలకిందులుగా చేసి కొత్త కంప్రెసర్ కూడా కాల్చేస్తున్నారు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. యూరప్ బళ్ళలో కంట్రోల్ మాడ్యూళ్ళు (బండిని నడిపే చిన్న కంప్యూటర్లు) కొన్ని సీటు ముందు కార్పెట్ కింద, కొన్ని డిక్కీ అడుగున ఉంటాయి. సీట్లు కడిగి, సెంటు కొట్టినా ఆ ప్లగ్గుల పచ్చ తుప్పు పోదు. కొనేముందు కార్పెట్ లేపి చూడండి, స్పేర్ టైరు గుంటలో చెయ్యి పెట్టి చూడండి, సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. అమ్మేవాణ్ణి బండి ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి, చైన్ గరగర చల్లటి ఇంజిన్‌లోనే తెలుస్తుంది. మీరు వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఆ పూట బేరం మానేసి ఇంకో రోజు రండి. స్కానర్ ఇంజిన్‌కి మాత్రమే కాదు, అన్ని మాడ్యూళ్ళకూ పెట్టించండి. కొన్ని మోడళ్ళలో కిలోమీటర్లు మీటర్‌లోనే కాక వేరే మాడ్యూళ్ళలో కూడా నమోదై ఉంటాయి. అవి కలవకపోతే ఆ బండి వదిలేయండి. 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర తీయించండి. గంటసేపు లిఫ్టు మీద పెట్టించడానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనవద్దు.

ఇదంతా కొనేవాడి జాగ్రత్త. ప్రభుత్వం వైపు చేయాల్సింది ఇంకా పెద్దది. 2014 ఆగస్టు 25న వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా అందులో ఉన్నాయి. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది, ఆటోమొబైల్ రంగాన్ని కూడా అందులో చేర్చింది. అయినా ఇవాళ ఆడీలో ఒక మాడ్యూల్ మార్చాలంటే కొత్త మాడ్యూల్‌ని బండికి జత చేసే కోడింగ్ కంపెనీ సర్వర్‌తోనే తప్పనిసరి అయ్యే సందర్భాలున్నాయి. బయటి మెకానిక్ ఎంత పనితనం ఉన్నవాడైనా అక్కడ చేతులు కట్టుకుని నిలబడాలి. యూరప్‌లో మరమ్మతు సమాచారం స్వతంత్ర గ్యారేజీలకు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అక్కడ ఇవ్వగలిగినది ఇక్కడ ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు.

సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలన్న కేంద్ర నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. యాజమాన్యం, బాధ్యత ఎవరిదన్నది అందులో తేల్చారు, మంచిదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు దానికి తోడుగా కేంద్రాన్ని అడగాల్సినవి నా దృష్టిలో మూడు. డీలరు అమ్మే ప్రతి బండికీ అన్ని మాడ్యూళ్ళ స్కాన్ రిపోర్టు తేదీతో ప్రింటు తీసి కొనేవాడి చేతికి ఇవ్వాలి. విదేశాల్లో రీకాల్ చేసిన, వారంటీ పొడిగించిన లోపం ఇక్కడి ఛాసిస్ నంబర్లకు వర్తిస్తుందో లేదో కంపెనీ బహిరంగంగా చెప్పాలి. చైన్లు, మెకట్రానిక్, నీళ్ళ పంపు లాంటి పెద్ద భాగాల ధర, వాటిని మార్చడానికి పట్టే కూలీ గంటలు ప్రతి షోరూమ్ గోడ మీదా, కంపెనీ సైటులోనూ తెలుగులో కనిపించాలి. కూలీ గంటల పట్టీ కంపెనీల దగ్గర ఇప్పటికే ఉంది, దాని ప్రకారమే సర్వీసు సెంటర్లు బిల్లు వేస్తున్నాయి. దాన్ని బయట పెట్టడానికి కొత్తగా ఏమీ తయారు చేయక్కర్లేదు.

ఇట్లు,
కార్ల మరమ్మతు పని తెలిసిన ఒక పాఠకుడు,
సికింద్రాబాద్