చెట్లు కోసే అన్నకు కృతజ్ఞతలు

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో మా గుమ్మానికి అడ్డంగా కొబ్బరిచెట్టు పడింది. లోపల నాన్న, ఆయనకు డయాలసిస్‌కు వెళ్లాల్సిన రోజు. అద్దెకు తెచ్చిన చైన్‌సా (పెట్రోలు రంపం) స్టార్ట్ చేసే తాడు ఎంత లాగినా కదల్లేదు. ఒకటే టెన్షన్.

రోడ్డు మీద చెట్లు కోస్తున్న అన్న పని ఆపి వచ్చాడు. స్విచ్ ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి, తాడు మెల్లగా లాగితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మింది. "సిలిండర్లో పెట్రోలు నిండిపోయింది బాబూ, అందుకే బిగుసుకుంది" అన్నాడు. ప్లగ్‌ని తన తువ్వాలు అంచుతో తుడిచి ఆరనిచ్చి, మళ్లీ బిగించాడు. స్విచ్ మళ్లీ వేసి, చోక్ ఆపేసి, రంపాన్ని నేలకు ఆనించి, వెనక పిడిని కాలితో తొక్కిపట్టి, తాడు నా చేతికే ఇచ్చాడు.

"నువ్వే లాగు. రేపు నేనుండను కదా."

స్టార్టయింది! డబ్బులిస్తే వద్దన్నాడు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అన్నా, నాన్నను ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లగలిగాం. నీ చేతులకు దండం.