డేటా రావడం లేదా? ముందు ఎప్పుడు ఆగుతోందో చూడండి

సంపాదకులకు,

వర్షపాతం కేంద్రాలు మూగబోయాయనీ, నీటిమట్టం యంత్రాలు పనిచేయడం లేదనీ పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఆ 'పనిచేయని' యంత్రం చాలాసార్లు లోపల నిక్షేపంగా కొలుస్తూనే ఉంటుంది. సెన్సర్ చెప్పిన అంకెను డేటాలాగర్ తన మెమరీలో రాసుకుంటూనే ఉంటుంది. తెగింది అక్కడి నుంచి సర్వర్ దాకా ఉన్న లింకు. ఈ తేడా తెలియక మంచి సెన్సర్లను పీకేసి కొత్తవి బిగిస్తారు, డేటా మాత్రం అప్పటికీ రాదు. ఇంకా పెద్ద పొరపాటు, రాని డేటా స్థానంలో సున్నా వేయడం. వాన పడలేదనడం వేరు, వాన సంగతి మాకు అందలేదనడం వేరు. పట్టికలో ఆ గడి ఖాళీగానే ఉండాలి. పత్రికలు కూడా అక్కడ 'అందలేదు' అనే వేస్తే బాగుంటుంది.

లింకు తెగిందంటే స్క్రూడ్రైవర్ తీసేముందు గత నెల రికార్డు తెరిచి, డేటా ఏ వేళల్లో ఆగిందో చూడాలి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

తెల్లవారుజామున ఆగి, ఎండెక్కాక దానంతటదే వస్తోందంటే బ్యాటరీని అనుమానించాలి. బాగున్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఛార్జయి, లోడు లేకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైన చూపాలి. పట్టపగలు సోలార్ ప్యానెల్ ఛార్జ్ చేస్తుండగా మీటరు పెట్టి 'పదమూడున్నర ఉంది, బ్రహ్మాండం' అనుకోవడం మామూలుగా జరిగే తప్పు. అది ఛార్జింగ్ వోల్టేజి, దాన్ని చూసి బ్యాటరీ ఆరోగ్యం చెప్పలేం. ప్యానెల్ తీగ విప్పి, కాసేపు ఆగి చూడండి. ఆ పైన మీటరు మొనలను బ్యాటరీ మీద కాకుండా మోడెమ్ (లాగర్ డేటాను సర్వర్‌కు పంపే పరికరం) పవర్ టెర్మినళ్ల మీద పెట్టి, మోడెమ్ డేటా పంపేలా చేయండి. మీటరులో కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉంటే అది నొక్కండి. పంపే క్షణంలో మోడెమ్ 1 ఆంపియర్ లాగిందనుకుందాం. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.035 ఓమ్ నిరోధం ఉంటుంది. బ్యాటరీ 10 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 20 మీటర్లు, అంటే 0.7 ఓమ్. తీగలోనే 0.7 వోల్టు పోయింది. దీనికి చిలుము పట్టిన ఫ్యూజు హోల్డరు తోడైతే మోడెమ్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ నెట్‌వర్క్ వెతుక్కుంటుంది, మళ్లీ పంపబోయి పడిపోతుంది. చూసేవాళ్లకు సిమ్ పాడైనట్టు కనిపిస్తుంది.

వాన పడ్డప్పుడు తెగి, రెండు రోజుల ఎండకు కోలుకుంటే యాంటెన్నా కనెక్టరులోకి నీళ్లు దిగాయన్నమాట. పైకి బిగుతుగానే ఉంటుంది. విప్పి చూస్తే కోయాక్సియల్ కేబుల్ (యాంటెన్నా కేబుల్) లోపలి తీగల అల్లిక రాగి రంగు పోయి నల్లగానో ఆకుపచ్చగానో మారి ఉంటుంది. నీరు ఆ అల్లిక వెంటే లోపలికి పాకుతుంది కాబట్టి ఆరబెట్టి బిగించడం దండగ. రంగు మారినంత మేరా కోసేయాలి, లేదా కేబుల్ మార్చాలి. కొత్త కనెక్టరుకు సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, కింద నుంచి పైకి, పెంకుల్లా ఒకదానిపై ఒకటి పడేలా చుట్టాలి. కేబుల్ పెట్టెలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు వదిలితే నీటిబొట్టు అక్కడే జారిపోతుంది. సిలికాన్ పూసి వదిలేసే అలవాటు మాకు నచ్చదు. కొన్ని రకాల సిలికాన్ ఆరేటప్పుడు వెలువడే యాసిడే కనెక్టరును తినేస్తుంది. రేడియో పవర్ ఆపకుండా మాత్రం యాంటెన్నా విప్పకండి, ప్రసార భాగం కాలిపోవచ్చు.

ఏ వేళా పాళా లేకుండా తెగుతుంటే సిగ్నల్ అంకె చూడాలి. చాలా మోడెమ్‌లు దాన్ని 0 నుంచి 31 వరకు చెబుతాయి. ఆ అంకెను రెండింతలు చేసి అందులోంచి 113 తీసేస్తే డీబీఎమ్ (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలమానం) వస్తుంది. 10 అంటే మైనస్ 93, అంటే అంతంతమాత్రం. 99 అని వస్తే మోడెమ్ దగ్గర కొలత లేదని అర్థం. దాన్ని చూసి గొప్ప సిగ్నల్ అని సంబరపడ్డవారూ ఉన్నారు.

సెన్సర్ల వైపు ఆర్ఎస్-485 లైన్ (రెండు తీగలపై చాలా పరికరాలను కలిపే పద్ధతి) ఉంటే పవర్ మొత్తం ఆపి, ఏ, బీ తీగల మధ్య నిరోధం కొలవండి. రెండు కొసల్లో 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్లు (సిగ్నల్ కొస తగిలి వెనక్కి రాకుండా ఆపేవి) ఉంటే సుమారు 60 రావాలి. 120 దగ్గర వస్తే ఒక కొసలో లేదు. 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది బిగించారు. లైన్ ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి గొలుసులా సాగాలి. చెట్టు కొమ్మల్లా చీలిస్తే సిగ్నల్ కొసల్లో తగిలి వెనక్కి వస్తుంది. ఏ, బీ గుర్తులను కంపెనీలన్నీ ఒకేలా వాడవు కనుక, కొత్త పరికరం అసలు పలకకపోతే ఆ రెండు తీగలనూ తారుమారు చేసి చూడండి. విడివిడిగా పలికే రెండు సెన్సర్లు కలిపి పెడితే పలకకపోతే రెంటికీ ఒకే అడ్రసు (లైన్‌పై సెన్సర్‌ను గుర్తించే అంకె) ఉండి ఉండొచ్చు. ఎస్డీఐ-12 అనే ఇంకో రకం లైన్‌కు కలిపే సెన్సర్లు సాధారణంగా 0 అడ్రసుతోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని విడిగా కలిపి అడ్రసు మార్చాకే లైన్‌లో వేయాలి.

అన్నీ సరిగానే ఉన్నా డేటా రాకపోతే దారిని సగానికి విరిచి చూడటమే పద్ధతి. లాగర్‌కు నేరుగా ల్యాప్‌టాప్ పెట్టండి. పలికితే లాగర్ వరకు క్షేమం. తర్వాత కేబుల్. 9 పిన్నుల సీరియల్ కేబుల్ అవతలి కొసలో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో ఒక అక్షరం కొట్టండి. అదే అక్షరం తిరిగొస్తే కేబుల్ బాగుంది, ఇక బాడ్ రేటు (డేటా పంపే వేగం సెట్టింగు), మోడెమ్ వైపు చూడాలి. ఒకసారికి ఒకటే మార్చండి. సిమ్, యాంటెన్నా, సెట్టింగులు ఒకేసారి మార్చి బాగుచేసినవారికి అది దేనివల్ల బాగైందో తెలియదు, వచ్చే నెల మళ్లీ మొదటికొస్తుంది.

కొన్నిసార్లు తప్పు క్షేత్రంలో ఉండదు, సర్వర్ గదిలో ఉంటుంది. ఉదాహరణకు ఒకే రేడియో ఛానెల్‌పై 60 కేంద్రాలు, ఒక్కోదానికి 15 సెకన్లు. ఒక చుట్టుకు 15 నిమిషాలు. పోలింగ్ (కేంద్రాలను వరసగా అడిగి డేటా తీసుకోవడం) మాత్రం ప్రతి 10 నిమిషాలకు అని పెట్టారు. జాబితా చివరి కేంద్రాలు రోజూ 'చెడిపోతూనే' ఉంటాయి.

ప్రతి లాగర్‌లో కొలతల పక్కనే మూడు కాలమ్‌లు పెట్టించాలి: రోజులో కనిష్ఠ బ్యాటరీ వోల్టేజి, సిగ్నల్ అంకె, మోడెమ్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో. గడియారం కూడా సర్వర్‌తో రోజూ సరిచేయాలి. మిలియన్‌కు 20 వంతుల తేడా ఉన్న గడియారపు క్రిస్టల్ రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది, నెలకు 50 సెకన్ల పైమాటే.

ఇక మరమ్మతుకు గడువు మెమరీయే చెబుతుంది. 5 నిమిషాలకో రికార్డు అంటే రోజుకు 288. పట్టికలో 10,000 వరుసలే పడితే 34 రోజులు, ఆ తర్వాత కొత్తది పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. మీ లాగర్‌కు ఆ లెక్క ఎంతో చూసి, పెట్టె తలుపు లోపలివైపు కాగితం మీద రాసి అంటించండి. లింకు సంగతి తేలకపోతే ఆ రోజులోగా ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి డేటా దించుకురావాలి.

— కొందరు ఫీల్డ్ టెక్నీషియన్లు