గొడవ జరిగిన రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు? – నాగరికతల కూటమి ఉన్నత ప్రతినిధికి బహిరంగ లేఖ

ఐక్యరాజ్యసమితి నాగరికతల కూటమి
ఉన్నత ప్రతినిధి గారికి,

నమస్కారాలు.

నేను దుబాసీని. మతపెద్దలూ దౌత్యవేత్తలూ కలిసి కూర్చునే సమావేశాల్లో, వెనక గోడకు ఆనించి కట్టిన గాజు గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకరి మాటను మరొకరి భాషలోకి మార్చడం రెండు దశాబ్దాలకు పైగా నా వృత్తి. దుబాసీకి సొంత అభిప్రాయం ఉండవచ్చు గాని, అది మైకులోకి రాకూడదు. ఇన్నేళ్లలో నా నోటి గుండా వెళ్లిన లక్షల మాటల్లో నా మాట ఒక్కటీ లేదు కాబట్టి, ఒక్కసారి నా సొంత మాట చెప్పుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ పని కోసమే పుట్టిన కార్యాలయం మీది. స్పెయిన్, తుర్కియే దేశాల చొరవతో 2005లో ఏర్పడిన నాటి నుంచి, మతాల మధ్య, సంస్కృతుల మధ్య ముదురుతున్న అపనమ్మకాన్ని తగ్గించే బాధ్యత మీ కూటమి మీద ఉంది. మతాల మధ్య సంభాషణ జరగడం లేదని నేను ఫిర్యాదు చేయడం లేదు. కావలసినంత జరుగుతోంది. అది గొడవ వచ్చాక మొదలవుతోందనీ, ఎవరికీ అభ్యంతరం లేని విషయాల మీద సాగుతోందనీ, ఒక ప్రకటన మీద సంతకాలతో ముగిసిపోతోందనీ నా ఫిర్యాదు.

ముందుగా నా వృత్తికి దగ్గరైన సంగతి, మాటల సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో చివరి రోజు ముసాయిదా ప్రకటన చదువుతున్నారు. పేజీన్నర వచనంలో ‘సహనం’ అనే మాట ఏడు చోట్ల వచ్చింది. ఒక చిన్న మతవర్గం తరఫున వచ్చిన వృద్ధుడు మైకు నొక్కి, “సహించేది పంటినొప్పిని. మీరు మమ్మల్ని సహిస్తున్నామని రాసుకుంటే దానికింద నేనెందుకు సంతకం పెట్టాలి?” అని అడిగారు. ఆ మాటను నేను మూడో భాషలోకి మారుస్తూ, ‘పరమత సహనం’ అని మనం తెలుగులో ఎంత అలవాటుగా రాసేస్తామో తలచుకుని సిగ్గుపడ్డాను. సహనమంటే ఓర్పు. ఓర్చుకోవడానికి ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు ఎక్కడో నిర్ణయించుకునేది ఓర్చుకునేవాడే. అధ్యక్షస్థానంలో ఉన్నవారు గడియారం చూసి, విమానాల వేళ దాటిపోతుందని చెప్పి, ఆ అభ్యంతరాన్ని నమోదు చేస్తామన్నారు. ప్రకటన ఉన్నది ఉన్నట్లే ఆమోదం పొందింది. వృద్ధుడు సంతకం పెట్టారు. మరుసటి ఏడాది ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఒక్క మాటకు ఇంత పట్టింపు ఎందుకని మీరు అనుకోరని నా నమ్మకం, ఎందుకంటే జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల వేదికలో జరిగినది మీకు నాకంటే బాగా తెలుసు. 1999 నుంచి ‘మతాల పరువుకు భంగం’ అనే అంశం మీద ముస్లిం దేశాల కూటమి అయిన ఇస్లామిక్ సహకార సంస్థ దేశాలు ఏటా తీర్మానం తీసుకురావడం, మొదటి రెండేళ్లు మినహా పాశ్చాత్య దేశాలు దానికి వ్యతిరేకంగా ఓటు వేయడం, ఓట్లు లెక్కపెట్టుకుని ఎవరి దారిన వారు పోవడం పన్నెండేళ్ల పాటు సాగింది. 2011 మార్చిలో మానవ హక్కుల మండలి 16/18 తీర్మానాన్ని ఓటింగు అవసరం లేకుండానే ఆమోదించింది. మధ్యలో మారినది ప్రధానంగా ఒకటే: రక్షణ పొందవలసింది మతం అనే భావనా, లేక తన మతం కారణంగా వివక్షకూ హింసకూ గురయ్యే మనిషా అన్న ప్రశ్నకు, మనిషే అని జవాబు కుదిరింది. తీర్మానాన్ని అమలు చేయడంలో తగవులు తర్వాత కూడా తీరలేదు. అయినా ఇరుపక్షాలూ తమ పట్టు కొంత సడలించుకున్న ఆ కొద్ది నెలల పనిని, నేను అనువదించిన అనేక సౌహార్ద ప్రకటనల కంటే విలువైనదిగా భావిస్తాను. సంభాషణకు దౌత్యం చేయగల మేలు అదే. ఎదుటివాడు ఒప్పుకోగల మాటను, మన మాట వదలకుండా, ఓపికగా వెతకడం.

ఇక వేళ సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన భాషలో తెలివితక్కువతనానికి గుర్తు గాని, అంతర్జాతీయ వ్యవహారాల్లో అది పద్ధతిగా మారిపోయింది. ఒక ప్రార్థనా స్థలం తగలబడిన వారానికి సర్వమత సభ పెడతారు, శోకంలో ఉన్నవారిని వేదిక ఎక్కిస్తారు, చేతులు కలిపించి ఫొటో తీస్తారు. దీనికి భిన్నంగా జరిగిన చోటు ఒకటి పశ్చిమ ఆఫ్రికాలోని సియర్రా లియోన్. అక్కడి ముస్లిం, క్రైస్తవ పెద్దలు కలిసి 1997 ఏప్రిల్‌లో సర్వమత మండలిని ఏర్పాటు చేసుకున్నారు. మే 25న సైనిక తిరుగుబాటు వచ్చింది. అంటే తుఫానుకు కొద్ది వారాల ముందు తలుపులకు గడియలు బిగించుకున్నారన్నమాట. అప్పటికే ఒకరి ముఖాలు ఒకరు ఎరిగి ఉండడం వల్ల, తిరుగుబాటుదారులతోను, పదవి పోయి తర్వాత తిరిగి వచ్చిన అధ్యక్షుడితోను మాట్లాడగలిగిన కొద్దిమందిలో వారు నిలిచారు. అడవిలో ఉన్న రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ అనే తిరుగుబాటు దళం మనుషుల దగ్గరకు వెళ్లి కొందరు పిల్లలను విడిపించుకు వచ్చారు. 1999 జూలైలో టోగో రాజధాని లోమేలో శాంతి ఒప్పందం కుదిరినప్పుడు వారు అక్కడే ఉన్నారు. ఆ ఒప్పందం మరుసటి ఏడాదే బీటలు వారిందనీ, యుద్ధం ముగిసిందని ప్రకటించడానికి 2002 జనవరి దాకా పట్టిందనీ దాచిపెట్టను. మతపెద్దల మాటతో తుపాకులు వాటంతట అవే దిగిపోవు. కాని తుపాకి పట్టుకున్నవాడు ఎవరి మాటనైనా వింటాడా అని వెతకవలసి వచ్చిన రోజున, ఆ దేశంలో అటువంటి మనుషులు ఉన్నారు.

నైజీరియాలోని కడునా నగరానికి చెందిన ఇమామ్ ముహమ్మద్ అషాఫా, పాస్టర్ జేమ్స్ వుయే కథను మీ వేదికల మీద చాలాసార్లు చెప్పారు. ఇద్దరూ ఒకప్పుడు ఎదురెదురు పక్షాల యువకులను కొట్లాటకు నడిపించినవారు. 1992 అల్లర్లలో పాస్టర్ కుడిచేయి పోయింది. ఇమామ్ తన గురువును, ఇద్దరు దగ్గరి బంధువులను పోగొట్టుకున్నారు. 1995లో వారు కలిసి మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టారు. వేదికల మీద కథను ఇక్కడ ముగించి చప్పట్లు కొడతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి భాగం. కలిసి పనిచేయడం మొదలుపెట్టాక కూడా, ఒకే గదిలో పడుకోవలసి వచ్చిన రాత్రి, పక్కన నిద్రపోతున్న ఇమామ్ ముఖం మీద దిండు అదిమి చంపేయాలన్న తలంపు వచ్చిందని పాస్టర్ తానే తర్వాత చెప్పుకున్నారు. స్నేహం కుదిరాక పని మొదలుపెట్టలేదు వారు. పని చేస్తూ చేస్తూ, పగను మోస్తూనే, ఏళ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. మూడేళ్ల ప్రాజెక్టుకు నిధులిచ్చి ‘వైఖరిలో మార్పు’ను శాతాల్లో కొలిచి పంపమనే మీ నివేదికల పత్రంలో ఆ రాత్రిని ఏ గడిలో నింపాలి?

సిద్ధాంతం మీద ఏకాభిప్రాయం లేకపోయినా పని జరుగుతుందనడానికి యేసు సమాధి ఉన్నదని క్రైస్తవులు నమ్మే చోట, జెరూసలేంలో ఉన్న పవిత్ర సమాధి చర్చిని మించిన పాఠశాల నాకు కనిపించలేదు. ఆరు క్రైస్తవ శాఖలు ఆ ఒక్క కప్పు కింద గజాల లెక్కన హక్కులు పంచుకుని ఉంటాయి. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నది సైతం ఆటోమన్ కాలం నుంచి వస్తున్న ‘యథాతథ స్థితి’ ప్రకారమే నడుస్తుంది. ముఖద్వారం పైన కిటికీ కింద ఉన్న చిన్న చెక్క నిచ్చెనను ఎవరు తీయాలో తేలక, అది 18వ శతాబ్దపు చిత్రాల్లో ఉన్నచోటే నేటికీ ఉంది. తలుపు తాళం చెవి శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తెరిచేది మరో ముస్లిం కుటుంబం. ఇదంతా విని నవ్వుకునేవారు ఉంటారు, 2008 నవంబరులో గ్రీకు, ఆర్మీనియన్ సన్యాసులు లోపలే పిడిగుద్దులు గుద్దుకున్న దృశ్యం చూసి నవ్వినట్లే.

నేను చెప్పదలచినది మాత్రం ఇనుప దూలాల సంగతి. లోపలి సమాధి మందిరం 1927 భూకంపం తర్వాత బలహీనపడింది. కూలిపోకుండా 1947లో బ్రిటిష్ పాలకులు దాని చుట్టూ ఇనుప దూలాలు బిగించారు. మరమ్మతు ఎవరు చేయాలో తేలక అవి సుమారు డెబ్బై ఏళ్లు అలాగే ఉండిపోయాయి. 2015లో భద్రత లేదంటూ పోలీసులు మందిరాన్ని కొద్దిసేపు మూసివేశాక, గ్రీకు, కాథలిక్, ఆర్మీనియన్ శాఖలు 2016లో ఒక ఒప్పందానికి వచ్చాయి. ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం నిపుణులు పని చేపట్టారు, 2017 మార్చికి మరమ్మతు పూర్తయింది, దూలాలు ఊడివచ్చాయి. వేదాంత విషయంలో ఆ మూడు శాఖల్లో ఎవరూ అంగుళం కూడా జరగలేదు, జరగమని అడిగినవారూ లేరు. అడిగినది ఒక్కటే: రాయి కదులుతోంది, ఏం చేద్దాం? ఆ మూడూ ఒకే మతంలోని శాఖలు కదా అంటారేమో. అయినవాళ్ల తగవు పరాయివాళ్ల తగవు కంటే మొండిదని దుబాసీగా నా అనుభవం.

మీ సమావేశాల్లో ఇటువంటి ప్రశ్న వినబడదు. ‘అన్ని మతాల సారం ఒక్కటే’ అన్న వాక్యాన్ని నేను ఎన్నిసార్లు అనువదించానో లెక్కలేదు గాని, ఊరేగింపు దారి ఎవరిది, శ్మశానానికి స్థలం ఎవరు ఇస్తారు, మతం మారిన మనిషి ఇంటికి రాళ్లు పడితే ముందుగా ఎవరు వెళ్లాలి అన్న చర్చను అనువదించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సారం ఒక్కటే అనుకోని వారు, తమదే సత్యమని నిజాయితీగా నమ్మేవారు ఆ గదిలోకి రానే రారు, వారిని పిలవరు కూడా. నిజానికి పక్కింటివాడి చేతిలోని రాయిని ఆపగలిగేది వారే. (కుర్చీల తగవు కొత్తది కాదు లెండి. 1575లో ఫతేపూర్ సిక్రీలో అక్బర్ చర్చల కోసం కట్టించిన ఇబాదత్ ఖానాలో, ఇతర మతాలవారు అడుగుపెట్టక ముందే, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద పండితులు కలహించుకుంటే ఒక్కో వర్గానికి ఒక్కో దిక్కు కేటాయించవలసి వచ్చింది.)

క్యాలెండరు మీద కూడా ఒక మాట. ఐక్యరాజ్యసమితి సర్వసభ 2010లో చేసిన తీర్మానం ప్రకారం ఫిబ్రవరి మొదటి వారం సర్వమత సామరస్య వారం. పోప్ ఫ్రాన్సిస్, కైరోలోని ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్‌హర్ గ్రాండ్ ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ 2019లో అబూధాబీలో మానవ సౌభ్రాతృత్వ పత్రం మీద సంతకాలు చేసిన ఫిబ్రవరి 4 కూడా ఇప్పుడు అంతర్జాతీయ దినమే, అదే వారంలో. మా దుబాసీలకు అది సంవత్సరంలో తీరిక లేని వారం. మిగిలిన యాభై ఒక్క వారాల్లో ఈ విషయం మీద మాకు పెద్దగా పిలుపులు ఉండవు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మసీదుల్లో 51 మంది హత్యకు గురయ్యాక, ప్రార్థనా స్థలాల రక్షణ కోసం మీ కూటమి అదే ఏడాది సెప్టెంబరులో ఒక కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మంచి పత్రం. దానికి అనుబంధంగా, ఉద్రిక్తత పొంచి ఉన్న పట్టణాల్లో స్థానిక మతపెద్దల మధ్య శాశ్వత సంబంధాన్ని నిలబెట్టే ఖర్చును సభ్యదేశాల చేత భరింపజేయండి. ఖర్చు అంటే వేదికలూ బ్యానర్లూ కాదు, నెలనెలా కలుసుకునే గది అద్దె, రాత్రివేళ పుకారు పుట్టినప్పుడు తిరగడానికి బండి, నిజమేమిటో కనుక్కునే మనిషికి జీతం. ఆ కమిటీలో పదవుల వల్ల పేరున్నవారితో పాటు, వీధిలో మాట చెల్లేవారిని, ముఖ్యంగా స్త్రీలను కూర్చోబెట్టండి. నా గాజు గదిలో నుంచి చూస్తే వేదిక మీద వరుసగా గడ్డాలే కనబడతాయి. ఆ కమిటీ నివేదికలు పోలీసులకు గాని ప్రభుత్వానికి గాని రహస్యంగా చేరే ఏర్పాటు మాత్రం ఎక్కడా ఉండకూడదు, ఎందుకంటే వేగు అన్న అనుమానం ఒక్కసారి పడిన మతపెద్ద మాట సొంతవారిలోనే చెల్లదు.

ఈ సంభాషణను చట్టానికి బదులుగా వాడుకోనివ్వవద్దని కూడా కోరుతున్నాను. అల్పసంఖ్యాకుల హక్కులను కాలరాస్తూ సర్వమత సభలకు ఆతిథ్యమిచ్చే ప్రభుత్వాలు ఉన్నాయి. ఆ సభల్లో నేను అనువదించిన స్వాగతోపన్యాసాలు అన్నిటికంటే మధురంగా ఉన్నాయి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో 2013 డిసెంబరులో ప్రాణభయంతో ఇల్లు వదిలిన ఇమామ్ ఒమర్ కోబినే లయామాకు ఆర్చిబిషప్ డ్యుడొనే న్జపలైంగా తన ఇంట్లో నెలల తరబడి ఆశ్రయమిచ్చారు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. అంతటి స్నేహం కూడా అక్కడి అంతర్యుద్ధాన్ని ఆపలేకపోయింది. న్యాయస్థానం, పోలీసు, ఓటు చేయవలసిన పనిని ఇద్దరు మంచివారి భుజాల మీద పెట్టడం వారికి అన్యాయం.

చివరిగా, మీ తర్వాతి ప్రపంచ సదస్సులో ఒక్క పూట నాకు ఇప్పించండి. ఆ పూటకు ముసాయిదా ఉండదు, సంతకాలు ఉండవు, కెమెరాలు బయటే ఉంటాయి. వచ్చిన ప్రతి బృందాన్నీ ఒకటే అడగాలి: ఈ రాత్రి మీ పట్టణంలో ఎదుటి మతంవారి ప్రార్థనా స్థలానికి నిప్పు అంటుకుందని తెలిస్తే, అటు పక్కన మీ ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, అతనితో మీరు ఆఖరిసారి మాట్లాడినది ఎప్పుడు? జవాబు లేనివారు లేదని చెప్పవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ పూటకు నా వేతనం వద్దు. గాజు గదిలో నా కుర్చీ ఒకటి ఉంచితే చాలు.

భవదీయుడు,
ఒక దుబాసీ