వేరు పిండినల్లి వల్ల మీ మొక్కలు ఆలస్యమవుతున్నాయి

గుండ్రని కాక్టస్‌ల కోసం మా వద్ద ఆర్డర్ ఇచ్చినవారికి ఒక సంగతి చెప్పాలి. కొత్తగా తెచ్చిన మొక్కలకు కుండీలు మారుస్తుండగా కొన్నింటి వేళ్లకు తెల్లటి పిండి అంటుకుని కనిపించింది. అది వేరు పిండినల్లి, వేళ్ల రసం పీల్చే చిన్న పురుగు. మొక్క పైకి నవనవలాడుతూనే ఉంది, కుండీ లోపలి గోడ మీద మాత్రం సున్నం చిలకరించినట్లు మచ్చలున్నాయి. ఆ మొక్కలన్నిటినీ విడిగా పెట్టేశాం. కనీసం నెల ఆగి, వేళ్లు మరోసారి తీసి చూశాకే పంపుతాం.

మట్టిలో గుళికల మందు వేస్తే త్వరగా పోతుంది కదా అని కొందరు అడిగారు. అలాంటి మందుల్లో చాలావాటిని వేరు పీల్చుకుంటుంది. అవి మొక్కంతా పాకి పుప్పొడిలోకీ చేరతాయి, పూల మీద వాలే తేనెటీగలకు చేటు చేస్తాయి. ఇంట్లో పిల్లల చేతికందే చోట పెట్టుకునే మొక్కకు ఆ మందు వేయడం నాకు ఇష్టం లేదు. అందుకే పాత మట్టంతా దులిపి, వేళ్లు కడిగి, ఎండిపోయినవి కత్తిరించి, వారం పాటు నీడలో ఆరబెట్టి, కొత్త పొడి మట్టిలో నాటుతున్నాం. పాత మట్టిని మళ్లీ వాడం.

మీ ఇంట్లో మొక్కకు ముళ్ల మొదళ్లలో దూదిలాంటి ఉండలు కనిపిస్తే, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కదాన్నీ అద్దండి. మైనపు పూత కరిగి, పురుగు అసలు రంగు బయటపడుతుంది. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి, మూడు నాలుగు వారాలు ఇదే పని చేయాలి. ఒక్కసారి తుడిచి వదిలేయడం వల్లే పిండినల్లి మళ్లీ మళ్లీ వస్తుంది. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే వాటినీ అరికట్టండి. పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం అవి దాన్ని కాపాడుతుంటాయి.

వేపనూనె మంచిదే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొన్ని చుక్కల ద్రవ సబ్బు చాలు. పొద్దు వాలాక చల్లి, రెండు మూడు రోజులు నేరుగా ఎండ తగలనీయకండి, లేదంటే మొక్క ఒళ్లు కాలుతుంది. నీలి బూడిద పూత ఉన్న కాక్టస్‌లకు మాత్రం వద్దు. ఆ పూత చెరిగిన చోట మళ్లీ రాదు. చిగురు దగ్గర తుప్పు రంగు పరుచుకుంటే ఎర్రనల్లి అనే అతి చిన్న పురుగు కావచ్చు, భూతద్దంతో చూసి నిర్ధారించుకోండి. దానికి నీటిని గట్టిగా చిమ్మడం, ఆ తర్వాత వేపనూనె పనిచేస్తాయి.

కుళ్లు విషయంలో మీకు తప్పుడు ఆశ పెట్టలేను. దాల్చినచెక్క పొడి కోసిన చోటును ఆరబెట్టడానికి పనికొస్తుంది గానీ, లోపలి కుళ్లును నయం చేయదు. మొదలు మెత్తబడితే, ఆల్కహాల్‌తో తుడిచిన కత్తితో కాస్త కాస్త పైకి కోస్తూ వెళ్లండి. కోత మధ్యలో కనిపించే వలయాన్ని జాగ్రత్తగా చూడండి. అక్కడ గోధుమ రంగు చుక్క ఒక్కటి మిగిలినా కుళ్లు పైకి పాకుతుంది. శుభ్రమైన కండ కనిపించాక గంధకం పొడి అద్ది, గాయం గట్టిపడేదాకా ఆరబెట్టి నాటండి. చిగురు దాకా రంగు మారిపోయి ఉంటే ఆ మొక్క బతకదు. ఆరోగ్యంగా ఉన్న పిలకలుంటే వాటినైనా వేరు చేసుకోండి.

ముదురు కాక్టస్ మొదలు గోధుమ రంగులోకి మారి చెక్కలా గట్టిపడితే అది జబ్బు కాదు, వయసు. నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఏ మందూ వద్దు.

ఆగలేనివారికి డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. ఆగేవారికి పంపే ముందు వేళ్ల ఫొటో పంపుతాం.