రికార్డుల కంపెనీలో ఫోనెత్తిన ఆవిడకి థ్యాంక్స్

నిన్న సాయంత్రం మా అబ్బాయి పాత మెడికల్ ఫైలు ఫ్యాక్స్‌లో వచ్చింది. పదకొండు పేజీలు. ఒళ్లు హూనమైపోయింది, అయినా ఇవాళే రాయాలనిపించింది.

మావాడు అమెరికా ఆర్మీలో చేరతానన్నాడు. మెడికల్ పరీక్షకు ముందు 2807-2 అనే ఫారంలో చిన్నప్పటి జబ్బులన్నీ చెప్పాలి. మేం ఈ దేశం వచ్చిన వేసవిలో వాడికి దగ్గు పట్టుకుంటే డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. నెలలో తగ్గిపోయింది. కానీ ఫార్మసీ వాళ్లు డిసెంబరులో ఆటో రీఫిల్ చేశారు. అప్పటికి వాడికి 13 నిండి నెల. 13వ పుట్టినరోజు తర్వాత ఆస్తమా ఉందంటే అనర్హతే, లేదంటే వేవర్ (ప్రత్యేక మినహాయింపు) కోసం తిరగాలి. 2022 నుంచి సైన్యం వాడే జెనెసిస్ అనే మెడికల్ రికార్డుల సిస్టమ్‌లో పాత మందులు కూడా కనబడుతున్నాయి. మందు కొన్నామని దానికి తెలుసు. వాడలేదని మాత్రం మేమే రుజువు చేసుకోవాలి!

ఆ క్లినిక్ ఎప్పుడో మూతపడింది. ఫైళ్లు ఒక స్టోరేజీ కంపెనీకి వెళ్లాయి. వాడికి 18 దాటాయి కాబట్టి వాడి సంతకం లేకుండా కన్నతల్లినైనా నేను అడగకూడదు. సరే, సంతకం పెట్టించి పంపాం. మూడుసార్లు ఒకటే జవాబు: ఆ పుట్టినతేదీతో ఎవరూ లేరు.

నాలుగోసారి ఫోన్ చేస్తే ఈవిడ ఎత్తారు. నా మాట తీరు విని, "మీ దేశంలో తేదీలో రోజు ముందు రాస్తారా?" అని అడిగారు. అంతే, నా గుండె జారిపోయింది. నవంబరు 4ని నేనే 4/11 అని రాశాను. ఇక్కడ అది ఏప్రిల్ 11. ఇన్నాళ్లూ తప్పు నాదే.

ఆవిడ ఒక్క మాట అనలేదు. డ్యూటీ అయిపోయినా ఉండి ఫైలు వెతికారు. స్పీకర్‌లో మావాడి అనుమతి అడిగి, నేను ఆ రోజు క్లినిక్ ఫారంలో రాసింది చదివారు: "రాత్రంతా దగ్గు. వాడు నిద్రపోడు, నేనూ పోను." ఆగి, "ఈ బాబేనా ఇప్పుడు సైన్యంలోకి?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉన్నారు.

డాక్టరు నోట్‌లో "వైరల్ దగ్గు, ఆస్తమా కాదు" అని స్పష్టంగా ఉంది.

అప్పట్లో వాడికి ఎక్స్‌రే తీసిన ఆసుపత్రి సంగతి వేరు. రికార్డులివ్వడానికి చట్టం 30 రోజులిచ్చింది కదా అని సరిగ్గా 30వ రోజున మరో 30 రోజులు కావాలని ఉత్తరం పంపారు. అడిగింది ఒక్క పేజీ.

మావారికి, అమ్మాయికి థ్యాంక్స్, వాళ్లకి తెలుసు.

అయ్యో, రీఫిల్ తేదీల ప్రింటవుట్ ఇచ్చిన ఫార్మసీ కుర్రాడిని మర్చిపోయా. రోజూ మెసేజ్‌లకి విసుక్కోని రిక్రూటర్ గారిని కూడా. ఇంకా, ఫ్యాక్స్ మెషీన్ ఉన్న పక్కింటి పెద్దాయన. ఏడో పేజీ దగ్గర కాగితాలైపోతే చెప్పులు కూడా వేసుకోకుండా కారు తీశారు.