కిటికీ తెరిచి రంగు వెయ్యి

చి. చంటికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. నీ నుంచి కబురు లేదు. డెక్కన్ హార్స్ అనే సైనిక దళం వాళ్ల షెర్మన్ ట్యాంకు ప్లాస్టిక్ నమూనా కడుతున్నావని పద్మ పిన్ని చెప్పింది, సంతోషం. గది తలుపులన్నీ బిగించి స్ప్రే కొడుతున్నావనీ, ఫోన్లో దగ్గు వినిపించిందనీ కూడా అంది. ఆ సంగతి తర్వాత.

ముక్కల్ని ఫ్రేమ్‌తో సహా సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టు. అచ్చు జిడ్డు మిగిలితే రంగు పట్టదు. కట్టర్‌తో ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించి, మిగతాది బ్లేడుతో చెక్కు. ఆనించి కత్తిరిస్తే గుంట పడుతుంది. ఇది బీరువాలో పెట్టుకునేది కాదు, ఆటలో చేతులు మారేది. టరెట్, అంటే ఫిరంగి ఉండే పై గుండు, అతికించకు, తిరగాలి. ఏంటెన్నాకి బట్టల బ్రష్ నైలాన్ పోగు పెట్టు. వంగుతుంది గానీ విరగదు. చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు, అదే ట్రాకులు, మెత్తటి వినైల్‌వైతే చక్రాలకు బిగించాకే రంగు వెయ్యి, లేకపోతే వంగిన చోటల్లా పెచ్చులూడుతుంది.

వానాకాలంలో స్ప్రే డబ్బా ముట్టుకోకు. తేమకి మాట్ (మెరుపు లేని) వార్నిష్ తెల్లగా బూజు పట్టినట్టు తేలుతుంది. దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది, మరీ దగ్గరైతే రివెట్లు పూడిపోతాయి. ఎన్95 మాస్కు స్ప్రేలోని ద్రావకం ఆవిరిని ఆపదు, తెలుసుకో. బ్రష్‌తో వేసే యాక్రిలిక్ ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) తీసుకో, పలచగా రెండు పూతలు, మొదటిది బాగా ఆరాకే రెండోది. తర్వాత ఆలివ్ గ్రీన్, పాలంత పలచగా కలుపుకో.

డెకాల్స్ (గుర్తుల పలచటి స్టిక్కర్లు) అతికించే చోట ముందు గ్లాసీ, అంటే మెరిసే, వార్నిష్ పుయ్యి, లేకపోతే అడుగున గాలి చిక్కి అంచులు వెండిలా మెరుస్తాయి. కిట్‌లో వచ్చే అమెరికా తెల్ల నక్షత్రం మాత్రం వెయ్యకు. ఆ దళం పుట్టింది నిజాం కొలువులో. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో ఖేమ్ కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్‌లో పోరాడింది ఈ షెర్మన్లతోనే. ఎదురుగా పాకిస్తాన్ వాళ్ల కొత్త ప్యాటన్ ట్యాంకులు. మనవాళ్లు గుర్రపునాడా ఆకారంలో చెరకుతోటల్లో పొంచి ఉన్నారు, కాలవ నీళ్లు పొలాల్లోకి వదిలారు. ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. అక్కడే మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీది రీకాయిల్‌లెస్ గన్‌తో (పేల్చినా వెనక్కి తన్నని ఫిరంగి) ట్యాంకుల్ని కొట్టి, పోరులోనే ప్రాణం వదిలాడు. పరమవీర చక్ర ఇచ్చారు. అందుకే నీ షెర్మన్‌కి ఎడారి దుమ్ము వద్దు. ఫెవికాల్, సన్న ఇసుక, గోధుమరంగు పొడి కలిపి ట్రాకులకీ, చక్రాల కింది సగానికీ అద్దు. ఎండిన బురద లేతగా, తడిది ముదురుగా ఉండాలి. తడిచోట కాస్త గ్లాసీ వార్నిష్ వెయ్యి. పొట్ట పైకి మాత్రం పాకనివ్వకు.

ఇసుక కాగితం తడిపే రుద్దు, ఆ దుమ్ము కూడా ఊపిరితిత్తులకి మంచిది కాదు. పనిచేసేటప్పుడు కిటికీ తెరిచి ఫ్యాన్ గాలి బయటికి పోయేట్టు పెట్టు. దగ్గు తగ్గకపోతే డాక్టరుకి చూపించు, వాయిదా వెయ్యకు. రాత్రి పెరుగన్నం మానకు. రమణ మామయ్య చేత బ్రష్ ప్రైమర్ సీసా, పాత టూత్‌బ్రష్‌లు, అమ్మ చేసిన సున్నుండలు పంపుతున్నాను. సీసా బాగా కుదిపి వాడు, రంగు అడుక్కి దిగుతుంది. అందగానే ఫోన్ చెయ్యి.

మీ నాన్న