పిల్లల ముఖాలతో ప్రచారమా?
తల్లిదండ్రులను అడగకుండానే పిల్లల ఫొటోలను వ్యాపార ప్రచారానికి వాడుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. విజయవాడలో మా వీధి చివర ఒక ప్రైవేటు స్కూలు ఫ్లెక్సీ మీద చిన్నారుల ముఖాలు, పేర్లు, తరగతులతో సహా, వేసవి అంతా ఎండలో వేలాడాయి. మాల్స్‌లోని ప్లే జోన్లలో పరిస్థితి ఇంకా దారుణం. బంతుల్లో దొర్లుతూ ఆడుకుంటున్న పిల్లల్ని సిబ్బంది వీడియో తీసి, సాయంత్రానికి రీల్‌గా పెట్టేస్తున్నారు. ఇదేమిటని అడిగితే, టికెట్ వెనక చిన్న అక్షరాల్లో షరతు రాసి ఉందంటున్నారు! ఒకప్పుడు స్టూడియోలో చెక్కగుర్రం మీద కూర్చోబెట్టి తీయించిన ఫొటో ఇంట్లో ఆల్బమ్ దాటేది కాదు. ఇప్పుడు పిల్లల ఆటే వ్యాపారానికి సరుకైంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. విద్యాశాఖ వెంటనే కదిలి, ఫొటోల అనుమతికి అడ్మిషన్ ఫారంతో సంబంధం లేకుండా విడిగా సంతకం తీసుకోవాలని స్కూళ్లను ఆదేశించాలి. ఒప్పుకోనంత మాత్రాన సీటుకు ఇబ్బంది రాకూడదు. ప్లే జోన్ల లైసెన్సుల్లోనూ నగరపాలక సంస్థ ఇదే షరతు పెట్టాలి. అడిగిన వారంలోగా ఫొటో తీసేయని వారికి జరిమానా వేయాలి.
– ఒక తల్లి, విజయవాడ